కొండకింది పల్లెల్లో భక్తి సాధన: కంభం, మార్కాపురం, గిద్దలూరు సీమ క్రైస్తవుల చరిత్ర

నల్లమల కొండల వరుస తూర్పుకు దిగివచ్చి మెట్ట పొలాలను తాకే చోట అర్ధవీడు, కంభం, గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాలు ఒకదానినొకటి ఆనుకొని ఉన్నాయి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టేదాకా, ఈ పడమటి సీమలోని మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోనే ఉండేవి. పాలన కర్నూలు నుంచి, వర్తకం ఒంగోలు వైపు నుంచి, గురుపరంపరలు కడప వైపు నుంచి నడిచిన ఈ నేలకు క్రైస్తవ మతం కూడా పలు దిక్కుల నుంచి వచ్చింది. తూర్పున ఒంగోలు నుంచి అమెరికన్ బాప్టిస్టు మిషన్, దక్షిణాన కడప, పడమట నంద్యాల వైపు నుంచి ఇంగ్లండు సంఘానికి చెందిన ఎస్‌పీజీ, అంటే సువార్త వ్యాప్తి సంఘం, ఈ కొండకింది పల్లెలను చేరుకున్నాయి.

ఈ చరిత్రను రాసినవారిలో ఎక్కువమంది బాప్తిస్మాల లెక్కలతో మొదలుపెట్టి, మిషన్ బంగళాలు, పాఠశాలలు, ఆసుపత్రుల వివరాలతో ముగించారు. ఆ లెక్కలు అవసరమే గాని, బాప్తిస్మం పొందిన మనిషి మర్నాడు ఉదయం లేచి కూలికి వెళ్లినప్పుడు తన విశ్వాసాన్ని ఎలా నిలుపుకున్నాడు, చదువు రాని తల్లి తన పిల్లలకు ప్రార్థన ఎలా నేర్పింది, సంఘంలో ఎవరికి ఏ సామర్థ్యం ఉందో ఎవరు గుర్తించారు అన్న ప్రశ్నలకు వాటిలో జవాబు దొరకదు. ఆ సామర్థ్యాలకు సంఘం పెట్టుకున్న పేరు కృపావరాలు. క్రైస్తవ పరిభాషలో కృపావరాలు అంటే దేవుడు తన ఆత్మ ద్వారా విశ్వాసులకు ఉచితంగా ఇచ్చేవని, వాటిని సొంత గొప్పకు గాక సంఘం మేలుకు వాడాలని నమ్మే సామర్థ్యాలు. అపొస్తలుడైన పౌలు రోమీయులకు రాసిన లేఖలో బోధించడం, పంచిపెట్టడం, పరిచర్య చేయడం, కనికరం చూపడం వంటివి కనిపిస్తే, కొరింథీయులకు రాసిన మొదటి లేఖలో స్వస్థత, భాషలతో మాట్లాడడం వంటివి కూడా కనిపిస్తాయి. పడమటి ప్రకాశంలో ఈ వరాలు మిషన్ ఆవరణలో గాక పల్లెల్లో, తోలుపని మధ్య, పొలం గట్ల మీద, పొయ్యి దగ్గర పెరిగాయన్నది ఇక్కడి చరిత్రను నిదానంగా చూసినవారికి తేటపడే సంగతి.

మిషనరీలు రాకముందే ఈ ప్రాంతపు అట్టడుగు కులాలలో ఆధ్యాత్మిక అన్వేషణ బలంగా ఉండేదని మొదట చెప్పుకోవాలి, ఎందుకంటే క్రైస్తవ బోధ ఖాళీ నేల మీద పడలేదు. పోతులూరి వీరబ్రహ్మంగారి మఠం ఉన్న కందిమల్లాయపల్లె గిద్దలూరుకు దక్షిణాన కడప జిల్లాలో ఉంది. ఆయన శిష్యులలో దూదేకుల సిద్దయ్యను, మాదిగ కక్కయ్యను సంప్రదాయం నేటికీ తలచుకుంటుంది. కుల భేదాన్ని, విగ్రహారాధనను ప్రశ్నించే ఇటువంటి గురుపరంపరలు ఊరూరా తిరిగి తత్త్వాలు పాడుతూ, రాజయోగం పేర ఏకాగ్ర ధ్యానాన్ని బోధిస్తూ, గుడి గడప తొక్కనివ్వని జనానికి కూడా దైవచింతన చేసే హక్కు ఉందని చెప్పాయి. 1899లో ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ చెప్పులు కుట్టేవారి జీవితం మీద ప్రచురించిన పుస్తకం ఈ గురువులకు, తొలి క్రైస్తవులకు ఉన్న సంబంధాన్ని వివరంగా నమోదు చేసింది. మిషనరీ కుటుంబానికి చెందిన రచయిత్రి ఈ పూర్వ సాధనను అజ్ఞానమని కొట్టివేయక, తరువాతి విశ్వాసానికి దారితీసిన తపనగా చూడడం ఆ పుస్తకానికి ఉన్న పెద్ద విలువ.

ఆ తపనకు ప్రతినిధి యర్రగుంట్ల పేరయ్య. కనిగిరి ప్రాంతంలోని తాళ్లకొండపాడుకు చెందిన ఈయన మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి, రాజయోగ సాధకుడు. తోళ్ల బేరం మీద ఉత్తరం వైపు తిరిగే రోజుల్లో ఏలూరు ప్రాంతంలో క్రైస్తవ బోధ ఆయన చెవిన పడింది. 1866లో ఆయన, ఆయన భార్య నాగమ్మ ఒంగోలు వచ్చి మిషనరీ లైమన్ జూయెట్ చేతుల మీదుగా బాప్తిస్మం పొందారు. బాప్టిస్టుల పద్ధతిలో బాప్తిస్మం అంటే వయసు వచ్చిన వ్యక్తి తన విశ్వాసాన్ని తానే నోరారా ఒప్పుకొని నీటిలో పూర్తిగా మునగడం. శిశువులకు వారు బాప్తిస్మం ఇవ్వరు. వంశాన్ని బట్టి, కులాన్ని బట్టి దైవం నిర్ణయమయ్యే సమాజంలో ఒక మనిషి నేను నమ్ముతున్నానని నలుగురి ముందు చెప్పడం చిన్న సంగతి కాదు. వ్యక్తిగత విశ్వాసం అనే భావన ఈ సీమలో మొదట ఆ నీటి ఒడ్డునే రూపం దిద్దుకుంది.

పేరయ్య ఇంటికి తిరిగి వెళ్లి ఎవరూ నియమించకుండానే బోధ మొదలుపెట్టాడు. ఊరూరా తిరిగే తోళ్ల వ్యాపారికి పల్లెల్లో ఎవరెవరున్నారో, ఎవరి ఇంట ఏ కష్టం ఉందో తెలిసి ఉంటుంది. యోగ సాధనలో గడిపిన ఏళ్లు ఆయనకు మాటలో నెమ్మదిని, ఎదుటివారి ప్రశ్నను ఓర్పుతో వినే అలవాటును ఇచ్చాయి. 1867 జనవరిలో, ఒంగోలుకు కొత్తగా వచ్చిన జాన్ ఎవరెట్ క్లౌ తాళ్లకొండపాడు చేరేసరికి, చుట్టుపక్కల పల్లెల నుంచి జనం కొన్ని రోజులకు సరిపడా బియ్యం మూటలు కట్టుకొని చింతతోపులో ఎదురుచూస్తున్నారు. కొద్ది రోజుల బోధ, ప్రశ్నోత్తరాల తరువాత వారిలో 28 మంది బాప్తిస్మం పొందారు. అదే నెల మొదటి తేదీన ఒంగోలులో 8 మంది సభ్యులతో ఏర్పడిన సంఘానికి ఒక్కసారిగా పల్లె ముఖం వచ్చింది. దొర వచ్చి చేసినది కొద్ది రోజుల బోధ, బాప్తిస్మం ఇవ్వడం మాత్రమే. ఆ 28 మందిని సిద్ధం చేసినవాడు పేరయ్య. బోధించే వరం అని సంఘం తరువాత పిలుచుకున్నది ఆయనలో అప్పటికే పండి ఉంది.

ఒంగోలు మిషన్ తొలి అడుగులోనే కుల సమస్య ఎదురైంది. చదువు కోసం, బోధ వినడం కోసం వస్తున్న పై కులాలవారు, మాదిగలు సంఘంలో చేరగానే వెనక్కి తగ్గారు. ఏ దారి ఎంచుకోవాలో తెలియక క్లౌ, ఆయన భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే, లోకం నీచులన్నవారినే దేవుడు ఎంచుకున్నాడని పౌలు కొరింథీయులకు రాసిన చోటు ఇద్దరికీ ఎదురైందని క్లౌ తన ఆత్మకథలో రాసుకున్నాడు. మాదిగలను కాదని పై కులాలను పిలవడం తనకు తగదని ఆయన అప్పుడే తేల్చుకున్నాడు. అటుపై బాప్టిస్టు సంఘం ప్రధానంగా మాదిగల సంఘంగా, ఎస్‌పీజీ సంఘాలు ఎక్కువగా మాలల సంఘాలుగా ఎదిగాయి. ఒకే ప్రభువును ఆరాధించే రెండు పల్లెలు చాలాచోట్ల రెండు మందిరాలు కట్టుకున్నాయి. ఇది ఈ చరిత్రలోని బాధాకరమైన భాగం, దీన్ని దాటవేసి రాసే ఏ భక్తి చరిత్రా నిజాయితీ గలది కాదు.

కొత్తగా చేరినవారి ముందు క్లౌ, ఆయన తోటి తెలుగు బోధకులు మూడు నియమాలు ఉంచారు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. పైకి మామూలుగా కనిపించే ఈ నియమాలు ఆనాటి మాదిగపల్లె బతుకులో ఎంత లోతుకు దిగాయో తెలియాలంటే ఆ బతుకు ఏర్పాటును చూడాలి. మెట్ట సీమలో వ్యవసాయం బావుల మీద నడిచేది. ఎద్దులతో నీళ్లు తోడే కపిలకు తోలు బాన కావాలి, ఆ బాన కుట్టేది, చిరిగితే బాగుచేసేది, రైతుకు చెప్పులు కుట్టేది మాదిగలే. ప్రతిఫలంగా కోతల కాలంలో కళ్లం దగ్గర కొన్ని గింజలు దక్కేవి. ఊరిలో పశువు చనిపోతే దాన్ని ఈడ్చుకుపోవడం, జాతర వస్తే డప్పు కొట్టడం వారి మీద ఉన్న వెట్టి, అంటే కూలి లేని కట్టుబాటు చాకిరీ. కాబట్టి ఆదివారం పని మానడమంటే ఆ రోజు రైతు బావి ఆగిపోవచ్చు. విగ్రహపూజ మానడమంటే జాతరలో డప్పు మోగదు. చచ్చిన పశువు మాంసం మానడమంటే ఎండాకాలంలో ఇంట ఉన్న ఒక్క ఆహారాన్నీ వదులుకోవడం.

అందుకే కొత్త విశ్వాసానికి ఎదురుదెబ్బ గుడి నుంచి గాక పొలం నుంచి, బావి నుంచి వచ్చింది. కొన్ని ఊళ్లలో క్రైస్తవులకు పని ఇవ్వలేదు, కొన్నిచోట్ల నీళ్లకు అడ్డుపడ్డారు, అబద్ధపు కేసులు పెట్టినవారూ ఉన్నారు. మాంసం నియమంలో పై కులాల శుచి భావన నీడ ఉందని నేటి పరిశోధకులు విమర్శించవచ్చు, ఆ విమర్శలో కొంత న్యాయమూ ఉంది. ఆకలిగొన్నవాడికి తిండి నియమం పెట్టడం తేలిక, పాటించడం కష్టం. అయితే ఆ నియమాన్ని పాటించినవారు దాన్ని దొర ఆజ్ఞగా చూడలేదు. ఊరు తమకు అంటగట్టిన చాకిరీ గుర్తును తమ చేతులతోనే తుడుచుకున్నట్టు వారికి అనిపించింది. వారానికి ఒక రోజు తన కాలానికి తానే యజమాని అని చెప్పగలిగిన కూలివాడికి ఆదివారం కేవలం ఆరాధన దినం కాదు. ఆత్మగౌరవం, భక్తి ఒకే అలవాటులో కలిసి పెరగడం ఈ సీమ క్రైస్తవానికి ఉన్న ప్రత్యేకత.

1876 నుంచి 1878 వరకు దక్షిణ భారతాన్ని పట్టి కుదిపిన కరువు ఈ సీమను ఎంతో క్రూరంగా దెబ్బతీసింది. 1871, 1881 జనగణనల మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గిపోయింది. కంభం చెరువు వంటి మహా తటాకం ఉన్నా, వాన లేని ఏడు గుండ్లకమ్మ పారదు, గుండ్లకమ్మ పారకపోతే చెరువు నిండదు. కరువు సహాయ పనిగా మద్రాసు ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్వకం చేపట్టినప్పుడు క్లౌ ఒంగోలు దగ్గర మూడున్నర మైళ్ల కాలువ పనిని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. పడమటి పల్లెల నుంచి ఎముకలు తేలిన కుటుంబాలు నడిచివచ్చి ఆ కాలువ గట్టున పాకలు వేసుకున్నాయి. బోధకులే కూలి జట్ల మీద మేస్త్రీలుగా ఉండి, విశ్రాంతి వేళల్లో వారి మధ్య కూర్చుని, భారం మోసి అలసినవారిని తన దగ్గరకు రమ్మని యేసు పిలిచిన పిలుపు గురించి మాట్లాడేవారు.

అన్నం కోసం మతం మారారన్న మాట అప్పుడూ వినిపించింది, ఇప్పుడూ వినిపిస్తుంది. ఆ మాటను తూచడానికి ఒక వాస్తవం చాలు. కరువు సహాయం నడిచినంత కాలం, సుమారు 15 నెలలు, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సహాయ పనులు ముగిసి, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పిన తరువాత కూడా జనం తరలివచ్చారు. 1878 జూలై 2న ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లిలో 614 మంది, మర్నాడు 2,222 మంది, ఆ మర్నాడు 700 మంది, మొత్తం మూడు రోజుల్లో 3,536 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులవారీగా నీటిలో నిలబడి ఆ పని చేశారు, క్లౌ ఒడ్డునే ఉన్నాడు. ప్రపంచ మిషన్ చరిత్రలో ఈ రోజులు ప్రసిద్ధికెక్కాయి. కరువులో తమను మనుషులుగా చూసినవారి పట్ల కృతజ్ఞత ఆ నిర్ణయంలో లేదని ఎవరూ అనలేరు. కానీ కృతజ్ఞత భక్తికి తక్కువైన భావమేమీ కాదు. విశ్వాసం అక్కడ మొదలై ఎక్కడికి ఎదిగిందన్నదే చూడవలసింది.

ఎదుగుదల బాధ్యత దాదాపు పూర్తిగా ఉపదేశి మీద పడింది. ఉపదేశి అంటే గురుపట్టం పొందిన పాదిరి కాదు. కొద్దిపాటి చదువుతో పల్లెలో నివసిస్తూ, పిల్లలకు బడి చెప్పి, సాయంత్రం ప్రార్థన నడిపి, పెళ్లికి, చావుకు ముందుండే సంఘ సేవకుడు. 1872 నుంచి రామాయపట్నంలో నడిచిన బాప్టిస్టు వేదాంత పాఠశాల బోధకులను తయారుచేసినా, వందలాది పల్లెలకు అది చాలలేదు. ఒంగోలు నుంచి ఇంత దూరపు పల్లెలను చూసుకోవడం సాధ్యపడక 1882లో కంభం, 1895లో మార్కాపురం వేరు మిషన్ కేంద్రాలయ్యాయి. కంభంలో జాన్ న్యూకూంబ్ దీర్ఘకాలం పనిచేశాడు. కేంద్రం దగ్గరికి వచ్చినా, కొండవాలు పల్లెలకు మిషనరీ ఏడాదిలో ఒకటి రెండు సార్లు గుడారం వేసుకొని వచ్చే అతిథే. మిగిలిన రోజులన్నీ ఉపదేశివి, పల్లె పెద్దలవి.

సాయంత్రం కూడిక ఈ వ్యవస్థకు ఆయువుపట్టు. పగలంతా కూలికి పోయి, చీకటి పడ్డాక వచ్చే మనుషులకు పుస్తకం పెట్టి చెప్పే వీలు లేదు, చదవగలిగినవారూ కొద్దిమందే. అందువల్ల ఒక బైబిలు కథ, ఒక పాట, కంఠతా పట్టిన ఒక వాక్యం, ఒక ప్రార్థన అనే క్రమం స్థిరపడింది. నిన్న చెప్పిన కథను ఈరోజు ఎవరో ఒకరు తిరిగి చెప్పాలి. ఆ తిరిగి చెప్పడంలోనే ఎవరికి మాట ఉంది, ఎవరికి జ్ఞాపకం ఉంది, ఎవరు చెబితే పిల్లలు కదలకుండా వింటారు అన్నది పల్లె తెలుసుకునేది. మూడు నెలలకోసారి కేంద్రంలో జరిగే కూటాలకు బోధకులు వెళ్లి తమ పల్లెల సంగతులు చెప్పి, చర్చించి, కొత్త పాఠాలు నేర్చుకొని తిరిగొచ్చేవారు. వరాన్ని గుర్తించడం, దానికి పని అప్పగించడం, తప్పితే దిద్దడం అనే మూడూ ఈ పల్లె కూడికలో ఏ ప్రకటనా లేకుండా జరిగాయి. నేటి సంఘాలు శిక్షణ తరగతుల పేర వెతుక్కుంటున్నది ఇదే.

గిద్దలూరు వైపున ఎస్‌పీజీ పద్ధతి కొంత వేరుగా ఉండేది. 1840లలో కడపలో మొదలై, 1850లలో ముత్యాలపాడుకు, ఆపై కలసపాడుకు, గిద్దలూరుకు, నంద్యాలకు వ్యాపించిన ఈ ఆంగ్లికన్ సంప్రదాయంలో శిశువులకు బాప్తిస్మం ఇస్తారు. వారు పెద్దయ్యాక పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం నేర్చుకొని, బిషప్పు తలమీద చేతులుంచే కన్ఫర్మేషన్‌లో ఆ విశ్వాసాన్ని తమదిగా చెప్పుకుంటారు. ఆరాధన ప్రార్థనా పుస్తకం ప్రకారం సాగుతుంది. ఏడాది పొడవునా ఆగమన కాలం, క్రిస్మస్, నలభై శ్రమ దినాలు, ఈస్టర్, పెంతెకొస్తు అంటూ పండుగల చక్రం తిరుగుతుంది. ఒకే మాటలు ప్రతి ఆదివారం పలకడం యాంత్రికమని బాప్టిస్టులు అనుకునేవారు. కానీ చదువు రానివారికి ఆ పునరుక్తే పుస్తకమైంది. పుస్తకం తెరవకుండా ఆరాధన క్రమమంతా అప్పగించగల ముసలివారు ఈ సంఘాల్లో తరతరాలుగా ఉన్నారు.

1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొంది, భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పు అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య పాలనలోకి కర్నూలు, కడప ప్రాంతపు ఎస్‌పీజీ సంఘాలు తరువాతి కాలంలో చేరాయి. కొత్తగా బాప్తిస్మం పొందినవారి చేత తమ చేతిని తమ తలమీదే పెట్టించి, సువార్త చెప్పకుండా ఊరుకోవడం తమకు చెల్లదన్న పౌలు భావాన్ని పలికించడం ఆయనకు అలవాటు. ప్రతి విశ్వాసీ సాక్షి, సాక్ష్యం చెప్పడం పాదిరి ఒక్కడి వృత్తి కాదు అన్న ఆయన పట్టుదలకు ఇది గుర్తు. తెలుగు పాటలు, కథాకాలక్షేపం, దేశీయ పండుగల తీరు వంటివి ఆరాధనలోకి రావాలని ఆయన కోరుకున్నాడు. క్రైస్తవులు ఇచ్చే గుణం పెంచుకోవాలని బోధించి, దాని మీద పుస్తకమే రాశాడు.

ఇచ్చే గుణం ఈ సీమలో బియ్యపు గింజ రూపంలో నిలిచింది. పూట పూటకు అన్నం వండేముందు ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసి, వారం చివర మందిరానికి తెచ్చే ఆచారం తెలుగు సంఘాల్లో విస్తృతంగా ఉండేది. వరి తక్కువగా పండే మెట్ట ఊళ్లలో జొన్న, సజ్జ కూడా కానుకే. కొత్త పంట వచ్చాక జరిగే కోత పండుగలో కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు మందిరానికి తెచ్చి, వేలం వేసి, వచ్చిన డబ్బును సంఘ ఖర్చుకు వాడేవారు. మిషన్ డబ్బుతో నడిచే సంఘమన్న మాటకు ఈ పిడికెడు బియ్యమే మొదటి జవాబు. అంతకంటే ముఖ్యం, ప్రార్థన చేయడానికి వేరే సమయం లేని స్త్రీకి పొయ్యి దగ్గరే రోజూ రెండుసార్లు దేవుణ్ణి తలచుకునే నియమం దీనివల్ల ఏర్పడింది. పౌలు రోమీయుల లేఖలో చెప్పిన పంచిపెట్టే వరానికి ఈ ఇల్లాళ్ల కంటే నిజమైన ఉదాహరణలు దొరకవు.

పాట గురించి ఎంత చెప్పినా తక్కువే. తెలుగులో సువార్తలు 1812లో, కొత్త నిబంధన 1818లో అచ్చయ్యాయి గాని, పల్లె జనానికి బైబిలు చేరింది ప్రధానంగా గొంతు ద్వారానే. ఉత్తరాంధ్రకు చెందిన పురుషోత్తమ చౌదరి, 1803లో పుట్టి 1890లో మరణించిన ఈ భక్త కవి, రాగతాళాలతో కట్టిన కీర్తనలు మిషన్ల హద్దులు దాటి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చేరి, బాప్టిస్టులకు, ఆంగ్లికన్లకు, లూథరన్లకు ఉమ్మడి ఆస్తి అయ్యాయి. రాగం పేరు తెలియకపోయినా ఆ వరుసలను పల్లె స్త్రీలు నాట్లలో, కలుపుల్లో పాడుకున్నారు. జాతరలో మోగడం మానిన డప్పు, కొన్నేళ్ల తరువాత క్రిస్మస్ ఊరేగింపులో, భజనలో, కోలాటంలో మళ్లీ మోగింది. చేతిలో ఉన్న విద్యను పారేయకుండా కొత్త పనికి మళ్లించుకోవడంలో పేరయ్య మాట, డప్పరి దెబ్బ ఒకే దారిన నడిచాయి.

స్త్రీల పాత్రను మిషన్ నివేదికలు బైబిలు స్త్రీలు అనే ఒక్క శీర్షిక కింద కుదించాయి. కొద్దిపాటి చదువు, శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపిన ఈ స్త్రీలు, మగ బోధకుడు అడుగుపెట్టలేని వాకిళ్లలోకి వెళ్లి కథ చెప్పారు, అక్షరాలు దిద్దించారు, పురిటి మంచం దగ్గర ప్రార్థించారు. ఒంగోలు చరిత్రలోనే దీనికి మూలం కనిపిస్తుంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ఈ ప్రాంతం కోసం ప్రార్థించిన చిన్న బృందంలో జూయెట్ దంపతులతోపాటు క్రిస్టియన్ నర్సు అనే తెలుగు బోధకుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు ఉన్నారు. ప్రార్థన కొండగా పేరుపడిన ఆ చోటును స్మరించేటప్పుడు మిషనరీ పేరు ముందు, స్త్రీల పేర్లు చివర రావడం అలవాటైంది. పల్లెల్లో జరిగిన పనిని బట్టి చూస్తే ఆ వరుస తిరగబడవలసి ఉంది. రాత్రి పడుకునేముందు పిల్లల చేత ప్రభువు ప్రార్థన చెప్పించిన అవ్వలు లేకపోతే 1878 నాటి వేల బాప్తిస్మాలు రెండో తరానికి దక్కేవి కావు.

ఇరవయ్యో శతాబ్దంలో వరాల మాట కొత్త అర్థంతో వినిపించింది. 1904, 1905లలో వేల్స్‌లోను, ఖాసీ కొండల్లోను వచ్చిన ఉజ్జీవం, అంటే పశ్చాత్తాపంతో సంఘమంతా ఒక్కసారి కదిలిపోయే భక్తి మేల్కొలుపు, 1906 ప్రాంతంలో తెలుగు బాప్టిస్టు సంఘాలను కూడా తాకింది. జనం బహిరంగంగా పాపాలు ఒప్పుకోవడం, గంటల తరబడి ఏడుస్తూ ప్రార్థించడం చూసి క్రమశిక్షణకు అలవాటుపడిన మిషనరీలు కొంత కలవరపడ్డారు. 1930లలో కేరళ నుంచి వచ్చిన పి.ఎం. శామ్యూల్ వంటివారు ఆంధ్రలో పెంతెకొస్తు బోధను నాటారు. ఇండియా పెంతెకొస్తు సంఘం 1935లో ఏలూరులోనే రిజిస్టరయింది. పరిశుద్ధాత్మ బాప్తిస్మం, భాషలతో మాట్లాడడం, స్వస్థత నేటికీ జరుగుతాయని వీరు చెప్పారు. 1938లో లూథరన్ సంఘం నుంచి వెలుపలికి వచ్చి బైబిలు మిషన్‌ను స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు మౌనంగా దైవ సన్నిధిలో కనిపెట్టి ఉండడాన్ని, దర్శనాలను సాధనలో భాగం చేశారు. పంజాబు నుంచి వచ్చి 1950లో హైదరాబాదులో హెబ్రోను స్థాపించిన భక్తసింగ్, తెల్లవారుజామున మోకాళ్ల మీద ఒంటరిగా బైబిలు చదువుకునే అలవాటును వేలాది తెలుగు ఇళ్లకు నేర్పాడు.

ఈ నాలుగు ప్రవాహాలూ పడమటి ప్రకాశంలోకి వచ్చి పాత సంఘాల పక్కనే పాకలు వేశాయి. పాత బాప్టిస్టు, ఆంగ్లికన్ కుటుంబాల పిల్లలు ఆదివారం ఉదయం తాతల మందిరానికి, సాయంత్రం స్వస్థత కూటానికి వెళ్లడం మామూలైంది. వేదాంత పండితులు వరాలు ఆగిపోయాయా, నడుస్తున్నాయా అని వాదించుకుంటుండగా, ఆసుపత్రి దూరమై, మంత్రగాడు దగ్గరగా ఉన్న కొండకింది ఊళ్లలో జబ్బుపడ్డవారి మీద చెయ్యి ఉంచి ప్రార్థించడం మొదటి తరం నుంచే జరుగుతున్న పని. పెంతెకొస్తు బోధ దానికి సిద్ధాంతాన్ని, ఊపును ఇచ్చింది. అదే సమయంలో వరం ఒక వ్యక్తి సొత్తుగా మారే ప్రమాదాన్నీ తెచ్చింది. సాయంత్రం కూడికలో పల్లె అంతా కలిసి గుర్తించిన వరానికి, వేదిక మీద ఒక్కరి చేతిలో మైకుతో ప్రదర్శితమయ్యే వరానికి మధ్య చాలా దూరం ఉంది. వైద్యం మానిపించి ప్రార్థన ఒక్కటే చాలనే బోధ ఎక్కడ కనిపించినా దాన్ని సంఘమే నిలదీయాలి. పౌలు కొరింథీయులకు రాసిన లేఖ కూడా వరాలన్నిటినీ సంఘం క్షేమం అనే కొలతతోనే తూచింది.

సంస్థల రూపం కూడా ఈలోగా మారింది. 1947లో పలు సంఘాలు ఏకమై దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు అందులో చేరలేదు. 1963లో నంద్యాల వేరు అధ్యక్ష మండలమై, అంటే ఒక బిషప్పు కింది పాలనా ప్రాంతమై, 1975లో ఆ ఐక్య సంఘంలో కలిసింది. బాప్టిస్టు సంఘాలు 1962లో తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశంగా ఏర్పడి మిషన్ చేతి నుంచి బాధ్యత అందుకున్నాయి. ఆస్తుల వివాదాలు ఆ తరువాతి దశాబ్దాలలో ఎంతో శక్తిని హరించాయి. అవి ఇక్కడ విస్తరించవలసినవి కావు.

అంతకంటే లోతైన ఒత్తిడి చట్టం నుంచి వచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును హిందువులకు పరిమితం చేసి, తరువాతి సవరణలతో 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది గాని, క్రైస్తవులకు వర్తింపజేయలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులైన షెడ్యూల్డు కులాలవారు వెనుకబడిన తరగతులలోని సి వర్గంలోకి వస్తారు. మందిరంలో బాప్తిస్మపు పేరు, కాగితం మీద మరో గుర్తింపు అనే రెండు బతుకుల మధ్య అనేక కుటుంబాలు నలిగిపోయాయి. బాప్తిస్మ రిజిస్టరులో పేరు రాయించుకోవడానికే వెనుకాడే పరిస్థితి వచ్చినప్పుడు, విశ్వాసం పత్రాల మీద గాక ఇంటి ప్రార్థన మీదే ఆధారపడవలసి వచ్చింది. వంద ఏళ్లు సాయంత్రపు కూడికల్లో పెరిగిన అలవాటు ఆ రోజుల్లో వారిని నిలబెట్టింది. కులం వల్ల కలిగే నష్టం మతం మారినంత మాత్రాన పోదని తెలిసిన దేశంలో ఈ భేదం కొనసాగడం న్యాయం కాదు.

ఈ చరిత్రలో అత్యంత విలువైన భాగం ఇంకా కాగితం ఎక్కలేదు. అమెరికాలోను, ఇంగ్లండులోను ఉన్న మిషన్ దస్తావేజుల్లో దొరల లేఖలు భద్రంగా ఉన్నాయి. కంభం, అర్ధవీడు, గిద్దలూరు, మార్కాపురం పల్లెల్లో మాత్రం పాత బాప్తిస్మ రిజిస్టర్లు చెదలు పడుతున్నాయి, చేతిరాత పాటల పుస్తకాలు అటకల మీద చిరిగిపోతున్నాయి, ఉపదేశుల మనవలు, బైబిలు స్త్రీల కుమార్తెలు వృద్ధాప్యంలో ఉన్నారు. సంఘ పెద్దలు, ఉపాధ్యాయులు, చదువుకున్న యువతీయువకులు కలిసి తమ ఊరి మొదటి విశ్వాసి ఎవరు, మొదటి బడి ఎక్కడ నడిచింది, ఏ పాట ఎవరు నేర్పారు అన్న సంగతులను వారిని అడిగి రాసుకోవాలి, రిజిస్టర్లను ఫొటోలు తీసి దాచుకోవాలి. ఆ తరం వెళ్లిపోకముందే, ఈ సంవత్సరమే, ప్రతి సంఘమూ ఈ పని మొదలుపెట్టాలి.